మైక్రోవేవ్‌లో పాస్తా, అమ్మ చేతి మెతుకు లెక్క

మాది నిజాంపట్నం, యానాది కుటుంబం. ఇప్పుడు గుంటూరులో ప్రైవేటు హాస్టల్‌లో ఉండి చదువుకుంటున్నా. గదుల్లో స్టవ్ పెట్టనివ్వరు. అందరికీ కలిపి ఒక మైక్రోవేవ్ ఉంది, మాకు వంటిల్లు అదే. మనవాళ్లలో ఇలా ఉంటున్నవాళ్లు చాలామందే ఉంటారు కాబట్టి రాస్తున్నా.

మైక్రోవేవ్‌లో పాస్తా తొందరగా ఏమీ ఉడకదు. అది నీళ్లని మరిగిస్తుంది, ఆ నీళ్లు పాస్తాని ఉడికిస్తాయి. అందుకే చన్నీళ్లతో మొదలుపెడితే ప్యాకెట్ మీద ఉన్న టైమ్‌కి మూడు నాలుగు నిమిషాలు కలపాలి. మెషిన్ వాట్లను బట్టి కొంచెం అటూ ఇటూ అవుద్ది. గాజు గిన్నె గానీ పింగాణీ గిన్నె గానీ పెద్దది తీసుకోండి, స్టీలుది వద్దు. 100 గ్రాముల పాస్తాకి అర లీటరు పైన నీళ్లు, చిటికెడు ఉప్పు. గిన్నె సగానికి మించి నింపితే పొంగిపోద్ది. సగం టైమ్‌లో ఒకసారి ఆపి కలపాలి, లేకపోతే ముద్ద కట్టుద్ది.

రకాన్ని బట్టి లెక్క మారుద్ది. గొట్టాల్లాంటి పెన్నే, మెలికల ఫుసిల్లీ మందంగా ఉంటాయి, టైమ్ ఎక్కువ. చిన్న మాకరోనీ ముందే ఉడుకుద్ది, కాబట్టి ముందే చూడాలి. స్పగెట్టి గిన్నెలో పట్టదు, సగానికి విరిచి వేసుకోండి. మన సేమ్యా సన్నం, మూడు నిమిషాల నుంచే కనిపెట్టుకుని ఉండాలి. కొనేటప్పుడు డ్యూరమ్ గోధుమ రవ్వ అని రాసి ఉందో లేదో చూడండి. మైదాతో చేసింది తొందరగా మెత్తబడిపోద్ది.

ఉడికిందని తెలిసేదెలా? అమ్మ అన్నానికి చేసేదే. ఒక్క మెతుకు పట్టుకుని చూస్తుంది. పాస్తా ముక్క ఒకటి తుంచండి. మధ్యలో తెల్ల చుక్క ఉంటే ఇంకో నిమిషం. చుక్క అప్పుడే మాయమై, పంటికి కాస్త తగులుతుంటే సరిపోయింది. ఇటలీవాళ్లు దాన్నే అల్ దెంతే అంటారు. వెంటనే నీళ్లు వంచెయ్యాలి, వేడి నీళ్లలో ఉంటే ఇంకా ఉడుకుతూనే ఉంటది.

ఇక అసలు సంగతి. నేను పాస్తా మీద అమ్మ పంపిన ఎండు రొయ్యల పొడి చల్లుకుంటా. ఒకరోజు ఒకతను ముక్కు మూసుకుని, "యానాదోళ్ల కంపు" అన్నాడు. అదే అతను చీజ్ వాసనకి ఏమీ అనడు. గొడవ పడలేదు, పొడి మానలేదు. "ఇది మా కూడు, తిని మాట్లాడు" అని గిన్నె ముందు పెట్టా. తినలేదు. కానీ పక్కనున్న ఇద్దరు తిన్నారు. ఇప్పుడు ఆ ఇద్దరే పొడి ఎప్పుడొస్తుందని అడుగుతున్నారు.

మా ఊరికి 1606లోనే డచ్చివాళ్లు వర్తకానికి వచ్చారు. ఎక్కడెక్కడి సరుకో దిగిన రేవు మాది. అలాంటిది పరాయి తిండి మనం నేర్చుకోవడం పెద్ద విషయం కాదు. మడ కాలవల్లో పీతలు పట్టే అమ్మానాన్నల తిండిని హాస్టల్లో దాచుకోవాల్సి రావడమే బాధ.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, డబ్బాలు దాచకండి. మీ ఇంటి నుంచి ఏం వస్తుందో, దాన్ని మైక్రోవేవ్‌లో దేంతో కలిపి తింటున్నారో కింద రాయండి. కొత్తగా హాస్టల్‌కి వచ్చే పిల్లలకి పనికొస్తుంది.