పడవకి రెండో వైపు

మా గ్యారేజీలో గోడవారగా ఒక పడవ బోర్లించి ఉంటుంది. పదహారు అడుగుల పొడవు, ముదురాకుపచ్చ రంగు, రెండు కొసలూ దోసబద్దలా సన్నగా తేలి ఉంటాయి. కెనూ అంటారు ఇక్కడ. మోటారూ తెరచాపా ఏమీ ఉండవు, ఇద్దరు కూర్చుని తెడ్లు వేసుకుంటూ పోవాలి. మేముండేది మినెసోటాలో. ఇక్కడి కార్ల నంబరు ప్లేట్ల మీద పదివేల సరస్సులు అని రాసుకుంటారు. అది కూడా తగ్గించి చెప్పడమే. పదెకరాలకు తక్కువ కానివి మాత్రమే లెక్కేసినా 11,842 ఉన్నాయి. కాబట్టి ఇంట్లో పడవ ఉండడం వింతేమీ కాదు. దాన్ని మా పికప్ ట్రక్కు నెత్తికెక్కించి సరస్సు దాకా తీసుకెళ్ళడం గురించే నేను చెప్పాలనుకుంటున్నది.

ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి అని మన అమ్మమ్మలు అనేవారు గుర్తుందా? ఎవరింట్లోనైనా రోజులు తిరగబడితే ఒక నిట్టూర్పు విడిచి ఈ మాట అనేవారు. సుమతీ శతకంలో చూస్తే, ఓడ బండిగా మారిపోవడం కాదు, ఓడ మీద బండీ బండి మీద ఓడా ప్రయాణం చేయడం. కలిమిలేములు కూడా అలాగే ఒకదాని మీద ఒకటి వస్తాయని. డిగ్రీలో తెలుగు చదివిన దాన్ని కదా, ఇలాంటివి పట్టుకుని కూర్చోవడం నాకు అలవాటు, ఏమనుకోకండి.

ఇందులో సగం నేను చిన్నప్పుడే కళ్ళారా చూశాను. మాది కోనసీమ. మూడేళ్ళ పాటు రోజూ సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి, వశిష్ఠ గోదావరి దాటి, నరసాపురం కాలేజీకి వెళ్ళేదాన్ని. పంటు చూడని వాళ్ళకి చెప్తాను. రెండు పడవల్ని పక్కపక్కన కలిపి బిగించి, పైన చెక్కలు పరుస్తారు. దాని మీద మనుషులు, సైకిళ్ళు, స్కూటర్లు, కొబ్బరికాయల లోడుతో లారీ కూడా ఎక్కేది. లారీ ఎక్కగానే పంటు ఒక్కసారి కిందికి కుంగి లేచేది. కొత్తవాళ్ళు కెవ్వుమనేవాళ్ళు, మేం పుస్తకంలోంచి తలెత్తేవాళ్ళం కాదు. అదీ బళ్ళు ఓడలెక్కడం. మిగతా సగం చూడ్డానికి మినెసోటా రావలసి వచ్చింది.

మావారిది అనంతపురం వైపు. పెళ్ళయిన కొత్తలో గోదావరి చూసి ఆయన నోట మాట రాలేదు. ఇక్కడికొచ్చాక ఆ సరస్సుల పిచ్చి ముదిరింది. మన వాళ్ళందరూ చక్కగా ఏడుగురు పట్టే వ్యాన్లు కొనుక్కుంటే ఈయన పికప్ ట్రక్కు కొన్నారు. మేపుల్ గ్రోవ్ గుడి పార్కింగులో పట్టుచీరతో దాని మీంచి దిగడం ఒక విద్య. తర్వాత మా అబ్బాయికి పన్నెండేళ్ళు రాగానే ఎవరో అమ్ముతుంటే ఈ కెనూ తెచ్చారు. అప్పటి నుంచి శనివారం తెల్లవారితే తండ్రీ కొడుకూ పడవ ఎక్కించుకుని పోవడం, నేను పులిహోర, పెరుగన్నం డబ్బాల్లో సర్ది చేతికివ్వడం. అది వాళ్ళిద్దరి లోకం. నాకు బాధేం లేదు. ఏటి ఒడ్డున పుట్టిన వాళ్ళకి పడవ షికారు కాదు, బస్సు లాంటిది. సెలవు రోజున సరదాగా బస్సెక్కుదాం అని ఎవరంటారు?

పోయినేడాది ఆగస్టులో అబ్బాయి కాలేజీకి వెళ్ళిపోయాడు. పిల్లలు వెళ్ళాక ఇల్లు ఎలా ఉంటుందో ఇప్పటికే చాలామంది రాశారు, నేను కొత్తగా చెప్పేదేం లేదు. ఒక్కటి మాత్రం చెప్తాను. ఇన్నేళ్ళూ మేమిద్దరం మాట్లాడుకున్నదంతా వాడి మీదుగానే అని వాడు వెళ్ళాక తెలిసింది. "వాడు తిన్నాడా?", "వాడి ఫీజు కట్టారా?", "వాణ్ణి ఎవరు దింపుతారు?" వీటిలోంచి వాణ్ణి తీసేస్తే ఇంక మాటలేం మిగల్లేదు.

సెప్టెంబరులో ఒక శనివారం పొద్దున్న ఆయన గ్యారేజీలో పడవకి ఫోటోలు తీస్తున్నారు. కాఫీ ఇద్దామని వెళ్ళాను.

"అమ్మకానికి పెడుతున్నా" అన్నారు.

"ఎందుకండీ?"

"ఇంగ ఆ పక్క పట్టుకునేదానికి ఎవరుండారు?"

చేతిలో కాఫీ గ్లాసుతో, మూడడుగుల దూరంలో, ఎదురుగా నిలబడి ఉన్నాను. ఇరవై రెండేళ్ళ కాపురం. ఆయన మాటలో దురుసు లేదు, వెటకారమూ లేదు. నిజంగానే ఆయనకి అక్కడ ఎవరూ కనపడలేదు. అదే గుచ్చుకుంది. తిట్టినా ఇంత గుచ్చుకునేది కాదేమో.

"బరువెంత?" అని అడిగాను.

"డెబ్బై పౌండ్లు."

"అంటే ముప్ఫై రెండు కిలోలు. ఒక వైపు పట్టుకుంటే పదహారు. ఇండియన్ స్టోర్లో ఇరవై పౌండ్ల సోనామసూరి సంచులు చెరో చేత్తో రెండు పట్టుకుని మెట్లెక్కేది ఎవరనుకున్నారు?"

ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నారు. మొహంలో నమ్మకం లేదు, ఎదురు చెప్పే ధైర్యమూ లేదు.

ఇంక ఎక్కించే పద్ధతి చెప్తాను. చేయి తిరిగితే అంత కష్టం కాదు. మా ట్రక్కుకి క్యాబిన్ పైన ఒక అడ్డకమ్మీ ఉంది, వెనక తొట్టి మీద నిలబెట్టిన చట్రానికి ఇంకోటి ఉంది. రెండు కమ్మీలూ క్యాబిన్ మీదే పెట్టుకోవచ్చు గానీ, వాటి మధ్య దూరం చాలక పొడుగు పడవ అటూ ఇటూ తిరుగుతుంది. దూరంగా ఉంటే నిలకడ. కాకపోతే ట్రక్కులో క్యాబిన్ వేరు, తొట్టి వేరు. కింద చట్రం ఒకటే అయినా, గతుకు వచ్చినప్పుడు రెండూ ఒకే తీరున ఊగవు. పైనున్న పడవ ఆ రెండింటి ఊపునీ భరించాలి. అందుకని గతుకుల్లో నెమ్మదిగా పోవాలంటారాయన. సంసారం గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకున్నాను.

ఆయన తొట్టిలోకి ఎక్కి నిలబడతారు. బోర్లించిన పడవ ముందు కొసని ఎత్తి వెనక కమ్మీ మీద ఆనిస్తాం. అప్పుడు నేను కింద వెనక కొస పట్టుకుని ఎత్తి ముందుకి తోస్తాను. పడవ కమ్మీ మీద జారుతూ వెళ్ళి ముందు కమ్మీ ఎక్కుతుంది. మా అబ్బాయి ఆరడుగుల వాడు కాబట్టి అవలీలగా తోసేవాడు. నేను ఐదడుగుల ఒక అంగుళం. చివరి మూడడుగులు నా చేతులకి అందలేదు. వంటింట్లో పై అరల కోసం వాడే స్టూలు తెచ్చుకున్నాను. ఇప్పుడది ట్రక్కులోనే ఉంటోంది. పై అర డబ్బాలు మావారే దించి పెడుతున్నారు.

ఎంత ముందుకి తొయ్యాలన్నది ఇంకో లెక్క. మరీ ముందుకి తోస్తే ముక్కు బానెట్ మీదకి వచ్చి దారికి అడ్డం. వెనక్కి లాగితే తోక బయటికి. మినెసోటాలో సరుకు బండి వెనక నాలుగడుగులు, ఆపైన బయటికి వస్తే పగలు ఎర్ర గుడ్డ కట్టాలి. మా అబ్బాయి కట్టే గుడ్డ ఎక్కడో పోయింది. కొందామన్నారాయన. మన ఆడవాళ్ళ ఇళ్ళలో ఎర్ర గుడ్డకి కరువా అండీ? అల్మరా తీస్తే ముప్ఫై జాకెట్టు ముక్కలు. వాటిలో ఎవరూ కుట్టించుకోని, వాయనాల్లో ఇంటింటికీ తిరిగి మా ఇంట్లో ఆగిపోయిన ఎర్ర పాలియెస్టరు ముక్క ఒకటి తీసి పడవ తోకకి కట్టాను. ఎవరిచ్చారో గుర్తులేదు. ఇచ్చినావిడ ఎక్కడున్నా, ఆ ముక్క మాత్రం చక్కగా పనికొస్తోంది.

తర్వాత పట్టీలు. బకిల్లోంచి దూర్చి చేత్తో లాగి బిగించే పట్టీలైతే మంచిది. మరతిప్పి బిగించేవి ఉంటాయి గానీ, వాటితో ఎంత బిగుస్తోందో చేతికి తెలియదు, పడవ నొక్కుకుపోతుంది. ఒకరు అటు, ఒకరు ఇటు నిలబడి పట్టీని పడవ మీంచి విసరాలి. మధ్యలో ట్రక్కు, దాని మీద పడవ. అవతలి మనిషి కనపడరు. అందుకని మాట్లాడుకోక తప్పదు.

"వేశారా?"

"వేసినా. కమ్మీ కిందనించి తీసి ఇటు వెయ్."

"అందింది. లాగనా?"

"లాగు. చాలు, చాలు."

కాగితం మీద పెడితే ఇవేం మాటలు అనిపిస్తాయి. నెల రోజుల తర్వాత మా ఇద్దరి మధ్య అబ్బాయి పేరు లేకుండా నడిచిన మాటలు అవే.

ముందూ వెనకా తాళ్ళు కట్టే దగ్గర నా వంతు వచ్చింది. పట్టీలు ఎంత బిగించినా, హైవే మీద బోర్లా ఉన్న పడవ కిందకి గాలి దూరి ముక్కుని పైకి ఎత్తాలని చూస్తుంది. అందుకని ముందు కొస నుంచి బానెట్ అంచుకి, వెనక కొస నుంచి కింద కొక్కేనికి తాడు బిగించాలి. ఆయన "బో", "స్టెర్న్" అంటున్నారు. మా రేవులో అణియం, అమరం అనేవారు, ముందు కొస అణియం, వెనక కొస అమరం. ఇరవై ఏళ్ళు నోట్లోకి రాని మాటలు తాడు పట్టుకోగానే వచ్చాయి. మా నాన్న గడ్డి బండికి మోకు బిగించేటప్పుడు మధ్యలో ఒక ఉచ్చు వేసి, కొసని కింద కమ్మీ చుట్టూ తిప్పి తెచ్చి, ఆ ఉచ్చులోంచి వెనక్కి లాగేవారు. అలా లాగితే మామూలుగా లాగిన దానికంటే చాలా గట్టిగా బిగుస్తుంది, విప్పాలంటే ఒక్క గుంజుతో ఊడుతుంది. నేనూ అలాగే కట్టాను. మావారు తాడు మీటి చూశారు. వీణ తీగలా పలికింది. "ఇది ట్రక్కర్స్ హిచ్ కదా, ఎవరు నేర్పినారు?" అన్నారు. వాడూ తనూ వీడియోలు చూసి నేర్చుకున్నారట.

బయల్దేరిన పది నిమిషాలకి నెత్తి మీద బుయ్‌మని మోత. నేను కంగారుపడ్డాను గానీ ఆయన నవ్వారు. పట్టీ చదునుగా ఉంటే గాలికి అలా పాడుతుందిట. పక్కకి ఆపి, ప్రతి పట్టీకీ ఒక మెలిక తిప్పి మళ్ళీ బిగించాం. మోత పోయింది. ఎలాగూ పదిహేను నిమిషాలకొకసారైనా ఆగి మొదట్లో బిగింపు చూసుకోవాల్సిందే. తాళ్ళు సర్దుకుని వదులవుతాయి.

సరస్సులో నన్ను ముందు కూర్చోబెట్టి ఆయన వెనక కూర్చున్నారు. కెనూలో ఒకరి మొహం ఒకరికి కనపడదు. అందువల్లనో ఏమో, నడి సరస్సులోకి వెళ్ళాక ఆయన తనంతట తనే మాట్లాడారు. చిన్నప్పుడు వాళ్ళ వీధిలోకి ట్యాంకరు వచ్చే రోజున వాళ్ళమ్మ తెల్లవారకుండానే బిందెలు వరసలో పెట్టి, వాటి దగ్గర కాపలాకి ఈయన్ని కూర్చోబెట్టేదిట. ఒకసారి నిద్రపోతే ఎవరో బిందె వెనక్కి జరిపేశారట. వంతు వచ్చేసరికి నీళ్ళయిపోయాయి. అమ్మ ఒక్క మాటా అనలేదుట. ఖాళీ బిందెలు చంకనెత్తుకుని ఇంటికి నడిచిందిట. "అప్పుడు కొట్టింటే బాగుండు అనిపిస్తుంది ఇప్పటికీ" అన్నారు.

మా అత్తగారు పోయి ఆరేళ్ళయింది. ఇరవై రెండేళ్ళలో ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు. ఇన్ని నీళ్ళ మధ్యకి ప్రతి శనివారం ఎందుకు పరిగెత్తేవారో నేనూ ఎప్పుడూ అడగలేదు. నేను వెనక్కి తిరగలేదు. తిరిగితే పడవ ఊగుతుంది, ఆయన కూడా ఆపేస్తారు. తెడ్డు వేస్తూ విన్నాను.

ఒడ్డుకొచ్చాక పడవకి అంటుకున్న నాచూ తీగలూ గోంగూర ఏరినంత శ్రద్ధగా ఏరి, నీళ్ళన్నీ వంపేశాం. ఒక సరస్సు నాచు గానీ, జీబ్రా మసెల్స్ అనే చారల గుల్లలు గానీ ఇంకో సరస్సుకి పాకకూడదని ఇక్కడ చట్టమే ఉంది. మళ్ళీ స్టూలు, మళ్ళీ "వేశారా?", మళ్ళీ "లాగు". మర్నాడు నా భుజాలు పట్టేశాయి. ఆయన జండూబామ్ తెచ్చి పక్కన పెట్టి వెళ్ళారు. అమ్మకం ప్రకటన సంగతి ఇద్దరం ఎత్తలేదు.

అక్టోబరు చివరి దాకా ప్రతి శనివారం వెళ్ళాం. తర్వాత చలి, మంచు, సరస్సులన్నీ గడ్డకట్టాయి. పులిహోర ఇప్పుడు శుక్రవారం రాత్రే కలిపి పెడుతున్నాను, పొద్దున్న ఇద్దరికీ బయట పని కదా.

మే నెలలో సెలవులకి అబ్బాయి వచ్చాడు. వచ్చిన మొదటి శనివారం ముగ్గురం గ్యారేజీలోకి వెళ్ళాం. వాడు అలవాటుగా పడవ వెనక కొస దగ్గరికి వెళ్ళి వంగాడు. ఆయన అప్పటికే తొట్టిలో నిలబడి ఉన్నారు.

"అది అమ్మ పడుతుందిలేరా. నువ్వు పోయి తెడ్లు ఎత్తుకురా" అన్నారు.

వాడు నా వంక చూశాడు, స్టూలు వంక చూశాడు. ఏమీ అనకుండా వెళ్ళి తెడ్లు తెచ్చాడు. రెండే తెచ్చాడు. ఇప్పుడు మూడు కావాలని వాడికి ఇంకా తట్టలేదు, మళ్ళీ లోపలికి పంపాను.