పిల్లిని విడిచి ఊరికి పోవువేళ

పిల్లిని వెంటబెట్టుకొని ప్రయాణమగుట శుభము గాదని మన పెద్దల నమ్మిక. చంకలో పిల్లిని పెట్టుకొని పెండ్లికి పోయినట్లను సామెత అందుకు సాక్ష్యము. ఆ కాలమున పిల్లిని ఎవరికిని అప్పగించి పోవలసిన అవసరమే లేకుండెను. ఇంటివారు తాళము వేసికొని ఊరికి పోయినచో అది గోడ దూకి పొరుగువారి వంటింటి గడపలో కూర్చుండెడిది. ఇప్పుడు హైదరాబాదులో నేను చూచు పిల్లులలో అనేకము ఎనిమిదవ అంతస్తులో, కిటికీలకు వల కట్టిన ఇండ్లలో పెరిగి, పుట్టి బుద్ధెరిగిన తరువాత మట్టి త్రొక్కి యెరుగనివి. కావున సంక్రాంతికి, దసరాకు, అమెరికాలోని పిల్లల యొద్దకు ఆరు నెలలు పోవుటకు ముందును, మా ఆసుపత్రిలో ఒక్కటే ప్రశ్న: “డాక్టరుగారూ, దీన్ని ఎక్కడ ఉంచమంటారు?”

ఆ ప్రశ్నకు నేను తొందరపడి సమాధానము చెప్పకపోవుటకు కారణము చిట్టి అను పిల్లి. కొన్ని యేండ్ల క్రిందట, సంక్రాంతి వెళ్ళిన పిమ్మట, ఉద్యోగవిరమణ చేసిన ఉపాధ్యాయదంపతులు దానిని బుట్టలో తెచ్చిరి. గోధుమవన్నె చారల మగపిల్లి. ఇంటిపట్టుననే ఉండి మిక్కిలి లావెక్కినది. పండుగకు ముందు టీకాకై తెచ్చినపుడు ఆరున్నర కిలోలు తూగినది, పెంపుడు జంతువులను ఉంచుకొను బోర్డింగులో పండ్రెండు దినములున్న తరువాత అయిదుంబావు తూగెను. పెదవి యెత్తి చూచితిని. చిగుళ్ళు పసుపువన్నె తిరిగియున్నవి. చెవిదొప్పను వెలుతురునకు త్రిప్పగా లోపలి పలుచని చర్మము పసుపునీటిలో ముంచి ఆరవేసిన గుడ్డవలె కనబడెను.

“ఎన్నాళ్ళనుంచి తినడం లేదమ్మా?” అని అడిగితిని.

“రోజూ గిన్నె నింపుతున్నామనే చెప్పారండీ. ఫోన్లో కెమెరా చూసినప్పుడల్లా హాయిగా పడుకునే ఉన్నాడు” అని ఆమె కన్నీరు నించెను.

గిన్నె నింపిన మాట నిజమే. తిన్నదా లేదా యని చూచినవారు లేరు. హాయిగా పడుకొన్నదన్న మాట మాత్రము నిజము గాదు. భయపడిన కుక్క మొరుగును, తలుపు గోకును, అందరికిని తెలియజేయును. భయపడిన పిల్లి యట్లు చేయదు. కాళ్ళు పొట్టక్రిందికి ముడుచుకొని, తోకను దేహమునకు చుట్టుకొని, కన్నులు మూసికొని కదలక మెదలక యుండును. దూరమునుండి చూచువారికి అది నిద్రయే. స్థూలకాయముగల పిల్లి కొన్ని దినములు నిరాహారముగ నున్నచో, దేహమునందలి క్రొవ్వు కరగి కాలేయమును చేరి, అచ్చట పేరుకొని ఆ యవయవమునే స్తంభింపజేయును. కామెర్లు అందుకు చిహ్నము. మనుష్యులకు ఉపవాసము వ్రతము కావచ్చును గాని పిల్లికి అది ప్రాణాపాయము. చిట్టి మెడలోనుండి అన్నవాహికలోనికి గొట్టము అమర్చి, అయిదు వారముల పాటు ద్రవాహారము నెక్కించితిమి. ఆ దంపతులు రాత్రి పగలు గడియారము ముందుంచుకొని సేవ చేసిరి, బ్రదికెను.

తరువాత ఒకనాడు ఆ బోర్డింగును స్వయముగ పోయి చూచితిని. అద్దపు గదులు, ఏ.సి., కెమెరాలు, గోడలపై బొమ్మలు. మనుష్యుని కంటికి ఏ లోపమును లేదు. కాని నడవకు ఆవలి ప్రక్కనే కుక్కల గదులు. మనకు వినబడని సన్నని ధ్వనులను సైతము వినగల చెవులకు ఆ మొరుగుట రేయింబవళ్ళు ఎట్లుండునో యోచించినవారు లేరు. అద్దమే తలుపగుటచే పిల్లి దాగుటకు మరుగు లేదు. తిండిగిన్నెను మలమూత్రములు విడుచు ట్రేను జానెడు దూరమున ప్రక్కప్రక్కన ఉంచిరి. శుచియైన జంతువగు పిల్లి అట్టి చోట ముద్ద ముట్టదు. ఇల్లంతయు ఫినాయిలు వాసన. అది మనకు పరిశుభ్రతకు గుర్తు. కాని ఫినాలు జాతి రసాయనములను విరిచి విసర్జించు శక్తి పిల్లి కాలేయమునకు మిక్కిలి తక్కువ. తడినేలపై నడచి పాదములు నాకుకొన్నచో ఆ విషము లోనికి పోవును.

ఇందుకు భిన్నమైన చోటును చూచితిని. ఒక మధ్యవయస్కురాలు తన డాబాపై రెండు గదులలో ఆరు పిల్లులకు మించక ఉంచుకొనును, కుక్కలను చేర్చదు. గదికి రెండు తలుపులు, ఒకటి మూసిన పిమ్మటనే రెండవది తెరచును. ఎత్తున బల్లలు, ప్రతి పిల్లికిని ఒక అట్టపెట్టె. ఆ అట్టపెట్టెను తక్కువగా చూడరాదు: ఆశ్రయశాలకు క్రొత్తగా వచ్చిన పిల్లులలో దాగుటకు పెట్టె దొరికినవి త్వరగా కుదుటబడుచున్నవని నెదర్లాండ్సునందలి ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయమువారు 2014లో ప్రకటించిన పరిశోధనలో తేలినది. వేర్వేరు ఇండ్ల పిల్లులను ఆమె ఒక్కచోట కలుపదు. టీకా కాగితము లేనిదే పిల్లిని లోనికి రానీయదు. నేను పంపినవారినే ఒకసారి త్రిప్పి పంపినది, అందుకు నాకు ఆమెపై గౌరవము పెరిగెను. పిల్లులకు ప్రాణాంతకమైన పాన్‌ల్యూకోపీనియా వైరసు ఒకచోట పడినచో ఏడాదివరకు అచ్చట నిలువగలదు గదా.

అన్నింటికంటె ముఖ్యముగ, ఆమె యొద్ద ఒక గళ్ళ నోటుపుస్తకమున్నది. ప్రతి పిల్లికి ఒక పుట: ఎంత పెట్టినది, ఎంత మిగిలినది, ట్రేలో మూత్రపు తడికి కట్టిన ఉండలెన్ని, ఏ వేళ. ఒక రాత్రి పదకొండు గంటలకు ఆమె ఒక మగపిల్లిని ఆటోలో తెచ్చినది. “సాయంత్రం నుంచి ఏడుసార్లు ట్రేలోకి వెళ్ళాడు సార్, ఒక్క ఉండా కట్టలేదు” అని పుట తెరచి చూపినది. పొట్ట తడుమగా మూత్రాశయము బత్తాయిపండువలె బిగిసి చేతికి తగిలెను. కలతచేత మగపిల్లులకు మూత్రనాళము ఇట్లు మూసికొనుట కలదు. రెండు మూడు దినములు ఉపేక్షించినచో రక్తమున పొటాషియము పెరిగి గుండె ఆగును. ఆ రాత్రియే గొట్టము వేసి ఆటంకము తొలగించితిని. ఆ పుస్తకమే లేకున్నచో యజమానులకు ఏ వార్త పోయియుండెడిదో!

ఒక్క విషయమున మాత్రము బోర్డింగువారి పక్షమున మాటాడవలసియున్నది. ఇంటికి వచ్చిన వారమునకు పిల్లికి తుమ్ములు, కంటినీరు మొదలైనచో, “అక్కడే అంటించారు” అని నిందించుట పరిపాటి. కొన్నిచోట్ల అది నిజమే. కాని పిల్లులకు వచ్చు హెర్పిస్ వైరసు ఒకసారి సోకినచో జీవితాంతము నాడులలో దాగియుండి, కలత కలిగిన కొలదిదినములకు మరల తలయెత్తును. ఎంత మంచి చోటనైనను ఇది జరుగవచ్చును.

ముసలి పిల్లులకు, మూత్రపిండముల జబ్బు గలవానికి, అతిపిరికివానికి నేను బోర్డింగునే వలదందును. కుక్క మనిషిని నమ్మి యెచ్చటనైన నిద్రించును. పిల్లి నమ్మునది తాను తిరుగాడిన గదులను, తన చెక్కిలి రాచిన తలుపు మూలలను. పొరుగింటి నమ్మకస్థురాలు దినమునకు రెండుసార్లు వచ్చి, తిండి పెట్టి, ట్రే ఎత్తి, కొంతసేపు కూర్చుండి పోయినచో అట్టివానికి అదియే చాలును. అట్టివారు లేనిచో మంచి చోటు వెదకి, ఉతకని దుప్పటి నొకదానిని, ఇంటిలో తిను తిండినే, పిల్లితో పంపవలెను.

పండుగకు ఊరికి పోదలచినవారికి నా విన్నపమొకటి. ఒక నెల ముందుగా మీ పిల్లిని అచ్చట ఒక్క రాత్రి ఉంచి చూడుడు. మరునాడు తెచ్చుకొనబోయినపుడు అది యెంత తిన్నదో, ఎన్నిసార్లు మూత్రము విడిచినదో అడుగుడు. చెప్పలేకపోయిరేని, ఎంత అందమైన గది యైనను అచ్చట విడిచి పోకుడు.