డాలర్ నోటు ఆగిపోయిన చోటు

ఫస్టియర్ పరీక్షలు అయిపోయాక రెండు నెలలు అక్కావాళ్ల దగ్గరికి టెక్సస్ వెళ్లాను. టెక్సస్ అనగానే అందరూ డాలస్, హ్యూస్టన్, మన గుళ్లు, మన బిర్యానీ సెంటర్లు అనుకుంటారు. అక్క ఉండేది అక్కడ కాదు. శాన్ ఆంజెలో దాటి ఇంకో గంట పోవాలి. చిన్న ఊరు, ఆ ఊరి ఆసుపత్రిలో అక్క డాక్టర్. చుట్టూ రాళ్ల నేల, కంచెలు, మెస్కీట్ చెట్లు. మెస్కీట్ అంటే మన సర్కారు తుమ్మకి దగ్గర చుట్టమే. విమానం దిగి ఇంత దూరం వచ్చింది మళ్లీ అనంతపురం చూడటానికా అనిపించింది మొదటి రోజు.

ఇంటి ఓనర్ డెబ్బై నాలుగేళ్ల పెద్దాయన. పక్కనే ఆయన రాంచ్, అందులో మేకలు. ఆ వసంతంలో పదకొండు మేకపిల్లలు పోయాయి ఆయనకి. తీసుకెళ్లింది కయోటీలు.

కయోటీకి తెలుగులో ఏమంటారో నాకు తెలీదు. తోడేలు కాదు, అంతకంటే చిన్నది, పది పదిహేను కిలోలుంటుంది. నక్క అందామంటే అదీ కాదు. అసలు ఆ పేరే మెక్సికో పాతభాష నహువాట్ల్ నుంచి వచ్చింది. నేను సినిమాల్లో విన్నట్టు "కయోటీ" అంటే పెద్దాయన నవ్వి, "ఇక్కడ మేకలున్నవాళ్లెవరూ అలా అనరు, కైయోట్" అని దిద్దారు. కాబట్టి ఇక నుంచి కైయోట్.

ఆయన దగ్గర వాళ్ల నాన్న రైఫిల్ ఉంది. 1971లో మొహెయిర్ అమ్మిన డబ్బుతో కొన్నదట. మొహెయిర్ అంటే అంగోరా మేకల జుట్టు. అప్పట్లో ఆ ప్రాంతానికి అదే బంగారం. ప్రభుత్వం దానికి డబ్బు సాయం చేసేది, 1995తో అది ఆగిపోయింది. ఇప్పుడు ఆయనవి మాంసం కోసం పెంచే మేకలు. మేకలు మారాయి, రైఫిల్ మారలేదు. దాని తూటా పేరు .22-250. చాలా ఏళ్లపాటు తుపాకుల పిచ్చి ఉన్నవాళ్లు ఇంట్లో సొంతంగా తయారుచేసుకున్న తూటా అది, 1965లో రెమింగ్టన్ కంపెనీ దాన్ని అధికారికంగా మార్కెట్లోకి తెచ్చింది. గుండు మూడున్నర గ్రాములు, అంటే వాళ్ల లెక్కలో 55 గ్రెయిన్లు. సెకనుకి 3,600 అడుగుల వేగం. కైయోట్ కోసమే పుట్టినట్టుంటుంది.

అక్క ముందే చెప్పింది. "ఒరేయ్, ఆ తుపాకీ ముట్టుకున్నావో, నిన్ను విమానం ఎక్కించే పని నాకు లేకుండా వాళ్లే ఎక్కిస్తారు." నిజమే. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లు అక్కడ తుపాకీ దగ్గర పెట్టుకోవడం మామూలుగా నేరం, వేట లైసెన్స్ లాంటి మినహాయింపులు ఉంటే తప్ప. పెద్దాయనకీ ఆ సంగతి తెలుసు. అందుకే ఇనుము పని ఆయనది, చెక్క పని నాది అని పంచుకున్నాం. క్యాటరాక్ట్ ఆపరేషన్ తర్వాత ఆయనకి దూరం బాగా కనిపిస్తుంది, దగ్గర కనిపించదు. సన్న పనికి నా కళ్లు కావాలి.

నేను కంప్యూటర్ సైన్స్ వాణ్ని కదా, ఒక రాత్రి కూర్చుని యూట్యూబ్ అంతా చూసి లిస్ట్ రాసుకెళ్లాను. ఈ చెక్క తీసేసి అల్యూమినియం ఛాసీ వేద్దాం. బ్యారెల్ మారుద్దాం, ఎందుకంటే పాతదాని లోపలి మెలిక 14 అంగుళాలకి ఒక చుట్టు, దాంతో బరువైన పొడుగు గుండ్లు తిన్నగా వెళ్లవు. పైన థర్మల్ స్కోప్. ఆయన కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివారు. చదివి, "నేను ఎంత దూరం కాలుస్తాను?" అని అడిగారు.

"తెలీదు సర్."

"రెండొందల గజాలు. అంతకు మించి నేను కాల్చను. దానికి ఈ బ్యారెల్ చాలదా?"

చాలుతుంది. రిక్వైర్‌మెంట్ అడక్కుండా డిజైన్ మొదలుపెట్టాను. సెకండియర్లో సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ సబ్జెక్టు మొదటి యూనిట్ చదివినప్పుడు నాకు సిగ్గేసింది.

ఆయన బాధ వేరు. పోయిన చలికాలం ఒక కైయోట్‌ని కాలిస్తే గుండు కిందికి పోయి కాలికి తగిలింది. మూడు కాళ్ల మీద గుట్ట దాటి వెళ్లిపోయింది. రెండు రోజులు వెతికారు, దొరకలేదు. "మేకపిల్ల పోతే డబ్బు పోతుంది. అది వేరే లెక్క" అన్నారు. ఏ లెక్కో చెప్పలేదు. తర్వాత కాగితం మీద వంద గజాల్లో కాల్చి చూస్తే అయిదు గుండ్లు మూడు అంగుళాల్లో చెల్లాచెదురుగా పడ్డాయి. ఆ కాగితం షెడ్డులో మేకుకి తగిలించి ఉంది.

రైఫిల్ తిన్నగా కాల్చకపోతే బ్యారెల్ అరిగిపోయిందనుకుంటాం. ఆయన జేబులోంచి డాలర్ నోటు తీసి, బ్యారెల్‌కీ కింది చెక్కకీ మధ్య దూర్చారు. మొదట్లోనే ఆగిపోయింది. అప్పటి రైఫిళ్లలో చాలావాటికి చెక్క చివర చిన్న దిమ్మలా వదిలి బ్యారెల్‌ని దానికి ఆనించేవారట. కొత్తగా ఉన్నప్పుడు బాగానే పనిచేస్తుంది. కానీ చెక్క వాన పడితే ఉబ్బుతుంది, ఎండకి చిక్కిపోతుంది. ఉబ్బినరోజు బ్యారెల్‌ని ఒక పక్కకి నెడుతుంది, చిక్కినరోజు వదిలేస్తుంది. ఏ రోజుకారోజు గుండు వేరే చోటికి వెళ్తుంది. పైగా యాభై ఏళ్లుగా స్క్రూలు బిగించీ బిగించీ వాటి కింద చెక్క నలిగిపోయింది.

ఇనుప భాగాలు ఆయన బీరువాలో పెట్టి తాళం వేశాక చెక్క నా చేతికొచ్చింది. లావుపాటి కర్రకి గరుకు కాగితం చుట్టి, బ్యారెల్ కూర్చునే గాడిని మూడు రోజులు రుద్దాను. వాల్‌నట్ పొడి వాసన ఇప్పటికీ గుర్తుంది, కొంచెం చేదుగా ఉంటుంది. బయటివైపు గీతల జోలికి మాత్రం వెళ్లొద్దన్నారు. ఒక పెద్ద గీత పికప్ తలుపులో పడి నొక్కుకుపోయిందట, ఇంకోటి గుర్రం మీంచి వాళ్ల నాన్న పడినప్పటిది.

తర్వాత జిగురు. మన అరాల్డైట్ లాంటిదే, రెండు భాగాలు కలపాలి, కాకపోతే చిక్కగా, ఉక్కు పొడితో ఉంటుంది. స్క్రూలు పోయే చోట చిన్న అల్యూమినియం గొట్టాలు దించి, రైఫిల్ యాక్షన్ కూర్చునే చోటంతా ఆ జిగురు పూశాను. అది ఇనుముకి అంటుకోకూడదు, చెక్కకి మాత్రమే అంటుకోవాలి. అందుకని ఆయన ఇనుమంతా ముందే షూ పాలిష్ రాసి ఉంచారు. ఎక్కడైనా ఒక్క గోరంత చోట పాలిష్ తప్పితే ఇక ఆ రెండూ జన్మలో విడిపోవు. ఆయనే అందులో కూర్చోబెట్టి, "రేపు ఇదే టైముకి" అన్నారు. ఆ రాత్రి నేను నిద్రపోలేదు. నేను పాడుచేసిన ప్రోగ్రామ్ అయితే వెనక్కి తీసుకోవచ్చు, వాళ్ల నాన్న రైఫిల్‌కి అండూ బటన్ లేదు.

మర్నాడు ఆయన రబ్బరు సుత్తితో చిన్నగా తట్టారు. రాలేదు. మళ్లీ తట్టారు. టప్పుమని ఊడి వచ్చింది. లోపల జిగురు మీద ఇనుము అచ్చు, తయారీ గుర్తులతో సహా పడింది. బిగించాక డాలర్ నోటు చివరినుంచి ఆ చివరిదాకా జారిపోయింది.

ట్రిగ్గర్ జోలికి మాత్రం ఆయన కూడా వెళ్లలేదు, ఊళ్లో గన్‌స్మిత్ దగ్గరికి పంపారు. ఆ కాలం రైఫిల్ అది, లోపల తూటా ఉంటే బయటికి తీయడానికి ముందు సేఫ్టీ ఆఫ్ చెయ్యాలి. వినగానే తప్పు అని నాకే అర్థమైంది. సేఫ్టీ ఆన్‌లో ఉండగానే తూటా తీసేలా మార్పించారు. పాత స్కోప్ స్థానంలో కొత్తది, మరీ ఖరీదైంది కాదు. మెరిసే వార్నిష్ కనపడకుండా గుడ్డ టేప్ చుట్టారు, రంగు వెయ్యలేదు. అంతే. నా లిస్టులోది ఒక్కటీ లేదు.

మళ్లీ వంద గజాల్లో కాల్చారు. అయిదు గుండ్లు ఒక అంగుళంలో పడ్డాయి. నేను ఎగిరి గంతేశాను. ఆ రాత్రే ఫోన్‌లో చదివాను: కైయోట్‌లు వేసవిలోనే మేకపిల్లల్ని ఎక్కువ తీసుకెళ్తాయి, ఎందుకంటే అప్పుడు వాటికీ పిల్లలుంటాయి. తల్లీ తండ్రీ ఇద్దరూ తిండి మోసుకెళ్తాయి. గంతేసినందుకు ఒళ్లంతా ఎలాగో అయింది.

పొద్దున అదే ఆయన్ని అడిగాను. "తెలుసు" అన్నారు. తర్వాత, "మీ ఊళ్లో మేకలవాళ్లు ఏం చేస్తారు?" అని అడిగారు. మా తాతయ్య ఊళ్లో గొర్రెలవాళ్లు రాత్రి మందని ముళ్లకంప దడిలో పెట్టి, కంబళి కప్పుకుని పక్కనే పడుకుంటారని, కుక్కలుంటాయని చెప్పాను. తోడేల్ని చంపితే మన దగ్గర కేసు అవుతుందని కూడా చెప్పాను. ఇక్కడ కైయోట్‌కి సీజనే లేదు, ఏడాదంతా వేటాడొచ్చు. ఆయన చాలాసేపు విని, "అదే మంచి పద్ధతి. నాకు మందలో పడుకునే మనిషి లేడు" అన్నారు. ఆయన పాత కాపలా కుక్క, గ్రేట్ పిరనీస్ జాతిది, పోయిన ఏడాది ముసలిదై చనిపోయింది. కొత్త పిల్ల తెచ్చారు. అది మందని కాచేంత పెద్దదవడానికి ఏడాదిన్నర, రెండేళ్లు పడుతుంది. రైఫిల్ అప్పటిదాకా.

జూన్ చివర్లో ఒక తెల్లవారుజామున తీసుకెళ్లారు. నేను వెనకాల బైనాక్యులర్‌తో కూర్చున్నాను. ఆయన చిన్న పీక ఊదారు, కుందేలు ఏడ్చినట్టుంటుంది ఆ చప్పుడు. పావుగంట ఏమీ లేదు. తర్వాత మెస్కీట్ల మధ్యనుంచి ఒకటి వచ్చి నిలబడింది, చెవులు మన ఊరకుక్క చెవుల్లానే ఉన్నాయి. దూరం నూటఅరవై గజాలు. ఆయన కాల్చలేదు. దాని వెనక దూరంగా పక్క రాంచ్ నీళ్ల ట్యాంకు ఉంది. అది నాలుగడుగులు పక్కకి నడిచి, వెనక గుట్ట వచ్చేదాకా ఆగారు. చప్పుడుకి నా చేతుల్లో బైనాక్యులర్ కదిలిపోయింది. మళ్లీ చూస్తే అది ఉన్నచోటే పడి ఉంది.

దగ్గరికెళ్లి ఆయన బూటుతో తిప్పి చూసి, "మగది" అన్నారు. నేను రాత్రి చదివింది ఆయనకి మళ్లీ చెప్పలేదు.

షెడ్డులో వాళ్ల నాన్న మొదలుపెట్టిన నోటుబుక్ ఉంది. ప్రతి గుండూ అందులో రాస్తారు: తేదీ, దూరం, గాలి. పోయిన చలికాలం దగ్గర "కాలికి తగిలింది, దొరకలేదు" అని ఉంది. కళ్లజోడు కనపడక పెన్సిల్ నాకిచ్చారు. 160, గాలి లేదు, ఒకటే గుండు. జంతువు పేరు మీ భాషలో రాయమన్నారు. తెలుగులో "కైయోట్" అని రాశాను. వింతగా చూశారు ఆ అక్షరాల్ని.

ఆ వారం మేకపిల్లల లెక్క సరిపోయింది. పై వారం మళ్లీ ఒకటి తగ్గింది.