జల్‌పల్లిలో బేరం

చాంద్రాయణగుట్ట దాటి శ్రీశైలం రోడ్డెక్కితే ముందు బార్కస్ వస్తుంది. జామకాయల బండ్లు, మండీ హోటళ్ల బోర్డులు. ఇంకొంచెం ముందుకెళ్తే షాహీన్‌నగర్, ఎర్రకుంట. అంటే జల్‌పల్లిలోకి వచ్చేసినట్టే. పహాడీషరీఫ్ గుట్ట మీది దర్గా ఇంకొంచెం ముందు. నేను మాత్రం అక్క పెళ్లి జాకెట్‌కి మగ్గం వర్క్ చేయించడానికి వచ్చాను.

సన్న గల్లీలో రేకుల ఇల్లు. ముందు గదిలో గోడ నుంచి గోడ దాకా చెక్క అడ్డా, దాని మీద బిగించి కట్టిన ఎర్ర పట్టు. చాచా, ఆయన కొడుకు చెరో పక్కన కూర్చుని ఆరి సూదితో చమ్కీలు కుడుతున్నారు. నా ఫోన్‌లో డిజైన్ చూసి చాచా నాలుగు వేల ఐదొందలు అన్నారు. అలవాటు కదా, "మూడున్నరకి చెయ్యండి చాచా" అన్నాను. చివరికి నాలుగు వేలకి తెగింది.

చాయ్ వచ్చింది. ఆయనకి ఇంకో ఫొటో చూపించాను. 2021 ఆగస్టులో సబ్యసాచి, హెచ్ అండ్ ఎం కలిసి తెచ్చిన 'వాండర్‌లస్ట్' కలెక్షన్‌లోని చీర. ధర 9,999. ఆ రోజు ఫోన్ పట్టుకుని కూర్చున్నా నాకు దొరకలేదు. ఆన్‌లైన్‌లో నిమిషాల్లో అయిపోయింది.

"చేతి పనా?" అడిగారు చాచా.

కాదు. గొడవంతా అక్కడే వచ్చింది. సాంగానేర్ అచ్చుల్ని గుర్తుచేసే ప్రింట్లు వేసి, అవి చేసే కారీగర్లకి పని ఇవ్వలేదని చేతివృత్తుల సంఘాలు అప్పట్లో బహిరంగ లేఖ రాశాయి.

మరి 9,999 ఎలా వచ్చింది? ఇలాంటి జోడీల లెక్క వేరు. 2004లో కార్ల్ లాగర్‌ఫెల్డ్‌తో హెచ్ అండ్ ఎం మొదలుపెట్టినప్పటి నుంచీ సూత్రం ఒకటే. డిజైనర్ సొంత బట్టలు లక్షల్లో ఉంటాయి. ఆ లక్షల పక్కన పదివేలు చవగ్గా కనిపిస్తుంది. అదే షాపులో మామూలు డ్రెస్ పక్కన పెడితే మాత్రం అది చాలా ఎక్కువ. సరుకు తక్కువ తెస్తారు, ఒక్కసారే అమ్ముతారు. ఆలోచించుకునే టైమ్ ఉండదు. 2015లో బాల్‌మెయిన్ కలెక్షన్ అయితే షాపులోంచి బయటికి రాగానే ఈబేలో కొన్ని రెట్ల ధరకి తిరిగి అమ్ముడైంది. మనం కొనేది గుడ్డతో పాటు పేరుని, 'నాకు దొరికింది' అనే సంబరాన్ని. తప్పేం లేదు. కానీ అక్కడ ఎవరూ బేరమాడరు.

"ఈ జాకెట్‌కి ఎన్ని రోజులు పడుతుంది చాచా?"

"ఇద్దరం కూసుంటే ఐదు రోజులు బేటీ. జరీ, పూసలు, చమ్కీలకే పన్నెండొందలు పోతయ్."

లెక్క వేశాను. నాలుగు వేలలో మిగిలేది 2,800. ఇద్దరికి ఐదు రోజులు, అంటే పది రోజుల కూలి. మనిషికి రోజుకి 280. నిన్న సిటీలో ఒక బొటిక్‌లో ఇలాంటి జాకెట్‌కే పన్నెండు వేలు చెప్పారు. అక్కడ నోరెత్తలేదు. ఏసీ, అద్దాలు, ధర చీటీ చూసి ఊరుకున్నాను. ఇక్కడ రేకుల కప్పు చూడగానే నోరు లేచింది.

"మొదట చెప్పిందే ఇస్తా చాచా. నాలుగున్నర."

ఆయన సూది ఆపలేదు. "ఐదొందలు ఎక్కువిస్తున్న అనుకోకు బేటీ. అవి నేను తగ్గించినవే."

సిగ్గేసింది. నాలుగున్నర ఇచ్చినా రోజుకి 330 మాత్రమే. గొప్ప మేలు చేసిందేం లేదు.

వారం తర్వాత జాకెట్ తెచ్చుకున్నాను. మెడ చుట్టూ పని, లోపలి వైపు కూడా ఒక్క దారం వేలాడట్లేదు. అక్క చూసి "ఎంతైంది?" అంది.

"ఇద్దరు మనుషులకి ఐదు రోజులు" అన్నాను.