మేస్త్రీ లెక్కల పుస్తకం

నికొలస్ స్టోన్ రాతిగని పనివాడి కొడుకు. డెవన్‌లో పుట్టి, లండన్‌లో పని నేర్చి, ఆమ్‌స్టర్‌డామ్‌లో శిల్పి హెండ్రిక్ డి కైజర్ దగ్గర చేరి ఆయన కూతుర్నే పెళ్లాడాడు. 1619లో లండన్‌లో మొదలైన వైట్‌హాల్ బాంక్వెటింగ్ హౌస్‌కు మేస్త్రీ అతనే. పేరంతా నక్షా గీసిన ఇనిగో జోన్స్‌ది, కట్టినవాడినెవరడుగుతారు?

నాకు మాత్రం స్టోన్ చేసిన, సెయింట్ పాల్స్ చర్చిలోని కవి జాన్ డన్ విగ్రహమంటే మోజు. శవవస్త్రంలో నిటారుగా నిలబడి ఉంటాడాయన. నెత్తిన గుడ్డ ముడి, దాని మడతలు అన్నీ పాలరాయే! 1666లో లండన్ తగలబడినప్పుడు చర్చి పోయింది, ఇది మిగిలింది. అడుగున కలశం మీద కాలిన మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి.

స్టోన్ లెక్కల పుస్తకమూ మిగిలింది. అందులో ఈ విగ్రహం పని ముగించిన హంఫ్రీ మేయర్‌కు ఇచ్చిన 8 పౌండ్లూ రాసుకున్నాడు. ఇంగ్లండ్ అంతర్యుద్ధంతో పనులు ఆగాయి, 1647లో పోయాడు.