పాత డుంగీలో కొత్త కాపురం

తెల్లవారుజామున నాలుగున్నర గంటలకే జంగ్లీఘాట్ రేవు మేలుకొంటుంది. దేశమంతటికీ గడియారం ఒక్కటే అయినా సూర్యుడు ఈ ద్వీపాలను ముందుగా పలకరిస్తాడు. వేసవిలో ఐదు గంటలకే వెలుగు పరచుకొంటుంది. శీతకాలంలో సాయంత్రం ఐదు దాటగానే చీకటి ముసురుకొంటుంది. ఆ తొలివెలుగులో రేవు పొడవునా తాళ్ళకు కట్టిన చెక్క పడవలు అలల తాకిడికి ఒకదానినొకటి ఒరుసుకొంటూ కనిపిస్తాయి. చిన్న డీజిల్ ఇంజనుతో నడిచే ఈ పడవలను ఇక్కడివారు డుంగీలు అంటారు. మంచుగడ్డలు దించేవారు, వలలు మోసేవారు, గంపలతో ఎదురుచూచే స్త్రీలు - అందరి కేకలూ కలిసిన ఆ సందడిలో హిందీ వినిపిస్తుంది, బెంగాలీ వినిపిస్తుంది, తమిళం వినిపిస్తుంది. వీటన్నిటి నడుమ శ్రీకాకుళం యాస తెలుగు చెవిని సోకినప్పుడు, ఆంధ్రదేశం నుండి వచ్చిన బాటసారి ఒక్క క్షణం ఆగిపోతాడు.

పోర్ట్ బ్లెయిర్ విశాఖపట్నానికి సముద్రమార్గాన సుమారు 1,200 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. 1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ చాథం ద్వీపంలో తొలి స్థావరాన్ని నెలకొల్పాడు. కొన్నేళ్ళకే అది ఉత్తరానికి తరలిపోయి, చివరకు పాడుపడింది. మళ్ళీ 1858 మార్చిలో, సిపాయిల తిరుగుబాటు అణగిన దరిమిలా, రెండువందలమంది ఖైదీలతో ఇక్కడ ద్వీపాంతరవాస కేంద్రం వెలసింది. 1906లో సెల్యులర్ జైలు పూర్తయింది. 2024లో కేంద్ర ప్రభుత్వం ఈ నగరానికి శ్రీ విజయపురమని నామకరణం చేసింది. పాత పేరు మాత్రం నోళ్ళలో ఇంకా నిలిచే ఉన్నది.

ఒకప్పుడు సంకెళ్ళతో మనుషులను దించిన ఈ రేవుకు, స్వాతంత్ర్యానంతరం బ్రతుకుతెరువు వెదుక్కొంటూ మనుషులు తమంత తాముగా వచ్చారు. శ్రీకాకుళం, విశాఖ తీరాల జాలర్లు వారిలో ఉన్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ద్వీపవాసులలో సుమారు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. వలసవచ్చిన జాలరికి ఇక్కడ ఆస్తి అంటే మొదట స్ఫురించేది భూమి కాదు, పడవ. కొత్తది చేయించే స్తోమత లేనివాడు పాతది కొంటాడు. చాలా కుటుంబాలలో ఇల్లాలి మెడలోని బంగారం తాకట్టుకు పోయిన నాడే డుంగీ ఇంటికి వస్తుంది.

పాశ్చాత్య దేశాలలో పొయ్యి, పడక అమర్చిన మోటారు వాహనాన్ని కొని, అదే ఇల్లుగా ఊరూరా తిరిగేవారున్నారు. అండమానులో అటువంటి చక్రాల ఇంటికి చోటు తక్కువ. ఉత్తరానికి సాగే ట్రంకు రోడ్డు జిర్కాటాంగ్ దాటగానే జరావాల అభయారణ్యంలో ప్రవేశిస్తుంది. అక్కడ వాహనాలు నిర్ణీత వేళలలో, పోలీసుల రక్షణలో గుంపుగా పోవలసిందే, మధ్యలో ఆగరాదు. ఆపైన జలసంధి అడ్డుపడుతుంది. అక్కడ వాహనాన్ని కూడా పడవమీదనే దాటించాలి. ఇక్కడ కదిలే ఇల్లు నీటిమీదనే పుట్టింది. రెండుమూడు రోజుల వేటకు వెళ్ళేవారికి డుంగీయే వంటిల్లు, పడకటిల్లు, కొట్టుగది.

పాత పడవ బేరం పెండ్లి సంబంధం వంటిది. రంగు చూచి మోసపోయేవారు చాలామంది. అనుభవజ్ఞుడు రంగు జోలికి పోడు. నేరుగా అడుగుకు పోతాడు.

"ఇంజను బాగానే మోగతంది మావా. మరి అడుగు పలక సంగతేటి?"

"అమ్మీవోడు బాగుందనే సెప్తాడు అల్లుడా. నా మాట నమ్మకు. మేకెట్టి పొడిసి సూసుకో."

ఈ సలహాకు కారణమున్నది. ఉష్ణమండల సముద్రాలలో చెక్కను తొలిచే ఒక జీవి ఉన్నది. దానిని ఓడపురుగు అంటారు గాని, నిజానికి అది ఆల్చిప్పల జాతికి చెందినది. పిల్లదశలో సూదిమొనంత రంధ్రంచేసి చెక్కలో దూరుతుంది. లోపలనే పెరుగుతూ సొరంగాలు తవ్వుకొంటూ పోతుంది. పైకి పలక నిగనిగలాడుతూనే ఉంటుంది. లోపల తేనెపట్టు వలె గుల్ల అవుతుంది. అందుకే కొనేవాడు మేకుతో పొడిచి చూస్తాడు, సుత్తితో తట్టి చెవి ఒగ్గుతాడు. గట్టి కొయ్య ఖంగుమంటుంది. గుల్లకొయ్య బొద్దుగా పలుకుతుంది.

బేరం కుదిరి, కాగితాలమీద పేరు మారిన తర్వాత, పోటు సమయంలో పడవను ఒడ్డుకు చేర్చి, పాటు తీసినప్పుడు ఇసుకలో ఒరిగిస్తారు. అడుగున అంటుకొన్న నత్తగుల్లలను గీకివేస్తారు. చెడిన పలకను ఊడదీసి కొత్తది బిగిస్తారు. ద్వీపాలలో పెరిగే పైమా కలప పడవపనికి పేరుపడినది. పలకల సందులలో నూలు కూరి, నూనెలో కాచిన గుగ్గిలం పూస్తారు. ఇంటిల్లిపాదీ ఈ పనిలో పాల్గొంటారు. నూలు పేనేది ముసలమ్మ, గిన్నె అందించేది పిల్లవాడు.

పడవ తిరిగి నీటిలో దిగగానే ఉత్సవం చేసుకోరు. ఒక రాత్రి ఆగుతారు. ఎండిన పలకలు నీరు త్రాగి ఉబ్బి, సందులు తమంత తామే మూసుకోవాలి. ఆ రాత్రి యజమాని లాంతరు పట్టుకొని పడవలోనే పడుకొంటాడు. గంటకొకసారి లేచి అడుగున చేరిన నీటిని చేతితో కొలుస్తాడు. మొదట మణికట్టు వరకు తగిలిన నీరు తోడిపోసిన తర్వాత వేళ్ళు దాటకపోతే పడవ బ్రతికినట్లే. తాకట్టులోని బంగారం కూడా ఏనాటికైనా తిరిగి వచ్చునని ఆశ కలుగుతుంది. మరునాడు ముందుకొసకు పసుపు కుంకుమలు పూసి, గంగమ్మ తల్లికి కొబ్బరికాయ కొడతారు.

ఇక సామాను సర్దుకోవటం. పరాయివాని అలవాట్లకు అమరిన పడవలో ప్రతి వస్తువుకూ కొత్తగా చోటు వెదకాలి. మంచినీటి డబ్బాలు బరువు గనుక నట్టనడుమ, అడుగుననే ఉండాలి. ఒక ప్రక్కకు చేరితే పడవ ఒరుగుతుంది. మంచుపెట్టె వలకు అడ్డు రాకూడదు. పొయ్యి డీజిలు డబ్బాకు దూరంగా, గాలి మరుగున ఉండాలి. బియ్యం, ఉప్పు, చింతపండు మూత బిగిసే డబ్బాలలోకి పోతాయి. పడక అంటే ఒక పలక, దానిపైన టార్పాలిన్ కప్పు. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం కురిసే చోట ఆ కప్పు విలాసం కాదు. రెండుమూడు వేటలు తిరిగేసరికి చీకటిలో చేయి చాచితే కత్తి ఎక్కడున్నదో, త్రాడు ఎక్కడున్నదో వ్రేళ్ళకే తెలుస్తుంది. పడవ తనదయినది అప్పుడే.

అన్నిటికన్న చివర సర్దేది, అన్నిటికన్న ముందు ఆలోచించవలసినది లంగరు. పడవతోపాటు వచ్చిన పాత లంగరును, దాని త్రాటిని నమ్మి నిద్రపోరాదు. 2006 జనవరిలో ఉత్తర సెంటినెల్ ద్వీపం సమీపాన ఇద్దరు జాలర్లు రాత్రివేళ పడవలో నిద్రించారు. లంగరు నిలవలేదు. పడవ కొట్టుకొనిపోయి, ప్రవేశం నిషిద్ధమైన ఆ తీరానికి చేరింది. బయటి మనుషులను దరిచేరనీయని సెంటినలీల చేతిలో వారిద్దరూ మరణించారు. ఆ ద్వీపవాసుల దృష్టిలో వచ్చినవారు చొరబాటుదారులు. పడవలోనివారికి తాము వచ్చినట్లే తెలిసి ఉండకపోవచ్చు. ఒక త్రాటి బలంమీద ఎన్ని ప్రాణాలు ఆధారపడతాయో ఈ ద్వీపాల జాలరులకు ఒకరు చెప్పనవసరం లేదు.

సముద్రపు మరో రూపాన్ని 2004 డిసెంబరు 26 ఉదయం చూపించింది. ఆనాటి భూకంపంలో దక్షిణ అండమాన్ నేల సుమారు ఒక మీటరు క్రుంగింది. పోర్ట్ బ్లెయిర్ సమీపాన సిప్పీఘాట్ పొలాలలో ప్రవేశించిన ఉప్పునీరు వెనుకకు పోలేదు. నేలే నిలకడగా ఉండదని తెలిసినచోట, కదిలే పలకలమీద కాపురం పెట్టటం సాహసంగా తోచదు. అయినా వివేకులు జాగ్రత్త మరువరు. ఆపదలో కోస్ట్ గార్డును పిలిచే 1554 అంకెను పిల్లలకు కూడా కంఠస్థం చేయిస్తారు.

వేటకు వెళ్ళిన పడవ మూడవనాటి వేకువలో తిరిగివస్తుంది. పెట్టెలో కోనెం, సూర, కానగంతలు. గట్టుమీద ఇల్లాలు చేపలవైపు వెంటనే చూడదు. చుక్కాని దగ్గర నిలిచిన మనిషిని చూస్తుంది. ఆపైన నీటిగీత ఎంతవరకు వచ్చినదో చూస్తుంది. పడవ పోయిననాటి ఎత్తుననే తేలుతున్నది.

"ఎలాగుంది?" అని అడుగుతుంది.

"కారలేదు" అంటాడతడు.

ఆ ఒక్క మాటతో ఆమె గంప అందుకొని మెట్లు దిగుతుంది.