మా గిటారు మీది విల్లు

మేం దూదేకులోళ్లం. మసీదుకెళ్తే ఉర్దూ రాదని సగం తురకలంటారు. ఊళ్లోకొస్తే సాయిబులంటారు. ఇంట్లో మాట్లాడేది తెలుగు. మా తాతల్లో కొందరు దూదేకారు, కొందరు గుళ్లో సన్నాయి ఊదారు. మేం పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో ఎలక్ట్రిక్ గిటారు వాయిస్తున్నాం. పనిముట్టు మారింది గానీ ప్రశ్న మారలేదు. మీరెవరు?

జవాబు గిటారు మీదే ఉండాలనుకున్నాం. ఇది మేం కొత్తగా కనిపెట్టింది కాదు. 1940లలో అమెరికా పాటగాడు వుడీ గుత్రీ తన మామూలు గిటారు మీద, ఇది ఫాసిస్టులను చంపే యంత్రమని రాసుకున్నాడు. 1967లో జార్జ్ హారిసన్ తన ఎలక్ట్రిక్ గిటారుకు తనే మెరిసే రంగులు పూశాడు, భార్య గోళ్లరంగు కూడా వాడాడు. ఇల్లులేని వాళ్లకు ఆయుధాలివ్వమని టామ్ మొరెల్లో తన గిటారు మీద రాసుకున్నాడు. ఆ గిటార్ల గురించి లోకం ముచ్చటగా చెప్పుకుంటుంది.

మాది నల్ల గిటారు, సెకండ్‌హ్యాండ్‌ది. బైకులకూ ఆటోలకూ రేడియం కోసే కొట్టుకు తీసుకుపోయాం. ఓం, శిలువ, నెలవంక, సినిమా హీరోలు, ఆ కొట్టు గోడ మీద దేశమంతా ఉంది. మా పేర్లు వినగానే కొట్టతను 786 తీసి అంటించాడు. మేమూ ఊరుకున్నాం.

ట్రూపు యజమాని చూశాడు. "పెళ్లిళ్లకు పోయేవాళ్లం, అది తీసెయ్యండబ్బాయ్" అన్నాడు. కీబోర్డు మీద వెంకటేశ్వరస్వామి ఉన్నాడు, డ్రమ్ము మీద శిలువ ఉంది. అవి అలంకారం, మాది మాత్రం మతమా? ఇంటికొస్తే మా పెద్దాయన ఇంకో మాటన్నాడు. "అది బిస్మిల్లా లెక్కరా. వాయిద్యం మీద పెడతారా?" ఒకరికి మేం మరీ తురకలం, ఇంకొకరికి చాలని తురకలం.

హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేసి గోటితో మెల్లగా లేపాం. జిగురు మరక కొబ్బరినూనెతో రుద్దితే పోయింది.

ఇక్కడ ఎలక్ట్రిక్ గిటారు సంగతి ఒకటి చెప్పాలి. మామూలు గిటారులో పైచెక్క కంపిస్తేనే నాదం. దాని మీద మందంగా ఏదన్నా అంటిస్తే నాదం మందగిస్తుంది. దీనికి ఆ బాధ తక్కువ. తీగల కింద పికప్ ఉంటుంది. అయస్కాంతం, దాని చుట్టూ సన్నని రాగితీగ. ఉక్కుతీగ ఊగితే అది పసిగడుతుంది. పైన ఓం ఉందా, 786 ఉందా దానికి పట్టదు. ఆ అయస్కాంతానికున్నపాటి ఇంగితం మనుషులకెందుకు లేదు?

"ఏమీ అంటించకండి, గొడవే ఉండదు" అని మంచి మిత్రులు సలహా ఇచ్చారు. మతాలకతీతంగా ఉండాలని వాళ్ల ఉద్దేశం. అందరినీ ఖాళీగా ఉండమంటే మేమూ ఉంటాం. మా ఒక్కళ్లనే చెరుపుకోమంటే ఎట్లా? ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా శ్రీరంగంలో స్థిరపడి నాదస్వరం వాయించాడు. 1977లో పద్మశ్రీ అందుకున్నాడు. పేరు ముందు షేక్ తీసెయ్యలేదు. నాదం ఏమన్నా తగ్గిందా?

చివరికి మా బొమ్మ మేమే గీసుకున్నాం. దూదేకే విల్లు. దానికీ బిగించిన నారి ఉంటుంది. కొయ్యగుండుతో కొడితే ఝుమ్మని మోగుతుంది, చిక్కుపడ్డ దూది విచ్చుకుంటుంది. మా ఇళ్లలో మోగిన మొదటి తీగ అదే. తెల్ల రేడియంలో కోయించి, గిటారు ఒంటిని స్పిరిటుతో తుడిచి, గాలిబుడగలు లేకుండా అతికించాం. కింద తెలుగు అక్షరాల్లో 'దూదేకుల' అని పెట్టించాం. చిన్నప్పట్నుంచీ తిట్టుగా విన్న మాటే. మేం రాసుకుంటే అది మా పేరు.

యజమాని దానివంక చూశాడు, ఏమనాలో తెలియలేదు. ఊరుకున్నాడు. పెద్దాయన మాత్రం వేలితో తడిమి, నారి కాస్త వదులుగా గీశార్రా అన్నాడు.

పెళ్లి పందిళ్లలో పిల్లలు స్టేజీ దగ్గరికొచ్చి అడుగుతుంటారు. "అన్నా, అది రాముడి విల్లా?"

కాదమ్మా, మా తాతది. దానికి బాణాలుండవు.